బీఏ మొదటి సెమిస్టర్ సమాజశాస్త్రం: కామ్టేతో మొదలుపెట్టాలా, ఊరి సర్వేతోనా?

నల్లబల్ల: మొదటి యూనిట్ అంతా కామ్టే, స్పెన్సర్, దుర్ఖైమ్, మార్క్స్, వెబర్ అనే సిద్ధాంతకర్తలే. కుటుంబం, కులం దాకా వచ్చేసరికి పిల్లలు నిర్వచనాలు బట్టీపట్టడానికి అలవాటు పడిపోతున్నారు. ముందు ఇంటింటి సర్వే చేయించి, సిద్ధాంతం తర్వాత చెప్పాలని నా వాదన. హైదరాబాద్ పక్కనున్న శామీర్‌పేట మీద సమాజ పరిశోధకుడు ఎస్.సి. దూబే పుస్తకం 1955లోనే వచ్చింది. అలాంటి ఊళ్లు చుట్టూ పెట్టుకుని సమాజాల ఆలోచన మూడు దశల్లో ఎదుగుతుందన్న కామ్టే సిద్ధాంతంతో ఎందుకు మొదలుపెట్టాలి?

గ్రంథాలయం మెట్లు: ఒప్పుకోను సార్. "మీ ఇంట్లో ఎంతమంది?" అన్న ఒక్క ప్రశ్న చూడండి. ఇల్లంటే కప్పా, పొయ్యా, పట్టా పాసుపుస్తకమా? జనగణన ఒకే వంటగదిలో తినేవాళ్లను ఒక గృహంగా లెక్కిస్తుంది. ఆ సంగతి తెలియని విద్యార్థి అన్నదమ్ములు వేరుగా వండుకుంటుంటే చాలు, 'వ్యష్టి కుటుంబం' (భార్యాభర్తలు, వాళ్ల పిల్లలు మాత్రమే ఉన్నది) అని రాసేస్తాడు. భూమి పంచుకోలేదనీ, చెల్లెలి పెళ్లి ఖర్చు ఇద్దరూ పెట్టుకున్నారనీ ఫారంలో ఎక్కడా ఉండదు. 40 మంది తలా 5 ఇళ్లు తిరిగితే 200 ఫారాలొస్తాయి, అన్నిటిలోనూ ఇదే తప్పు. చివరికి "ఉమ్మడి కుటుంబం విచ్ఛిన్నమవుతోంది" అన్న గైడు వాక్యానికి అవే రుజువులవుతాయి.

నల్లబల్ల: మేడం, గుజరాత్‌లోని మహువా పట్టణంలో సమాజశాస్త్రవేత్త ఐ.పి. దేశాయి చూపించింది ఇదే కదా: ఉమ్మడితనాన్ని నివాసంతో కాక ఆస్తితో, పరస్పర బాధ్యతలతో కొలవాలని. 1964 నాటి పుస్తకం. ఆ మాట మొదటి వారం చెబితే నోట్సులోనే ఉండిపోతుంది. జగిత్యాల పిల్లవాడు, దుబాయ్‌లో ఉన్న కొడుకును ఏ గడిలో రాయాలో తెలియక ఆగినప్పుడు చెప్పండి. జనగణన లెక్కలో ఆ కొడుకు ఆ ఇంట్లో లేడు, కానీ ఇంటి అప్పు తీర్చేది అతనే.

గ్రూప్స్ బెంచీ: పరీక్ష సంగతి కూడా చూడండి. గ్రూప్-1 మెయిన్స్‌లో భారతీయ సమాజం ఉందనే చాలామంది ఈ సబ్జెక్టు తీసుకుంటారు. సెమిస్టర్ పేపర్‌లో "సమాజశాస్త్రాన్ని నిర్వచించి దాని పరిధిని వివరించండి" అని అడిగితే, సర్వేలో చూసింది రాసినవాడికి మార్కులు పడవు. సర్వే రికార్డుకు ఇంటర్నల్ మార్కులు ఇవ్వకపోతే సగం ఫారాలు హాస్టల్ గదిలోనే నిండుతాయి.

కొలత పట్టీ: క్రమం సంగతి తర్వాత, అసలు ఫారం ఎలా తయారుచేస్తారు? 15 ప్రశ్నలు దాటితే చివరివాటికి తొందరలో ఏదో ఒకటి చెబుతారు. ఆదాయం ఎంతని అడగొద్దు, రేషన్ కార్డు పోతుందేమోనన్న భయంతో తగ్గించి చెబుతారు. సొంత భూమి ఎంత, కౌలుకు చేసేది ఎంత అని విడివిడిగా అడగాలి. కులం ప్రశ్న చివర ఉండాలి, ఇంటివాళ్లు చెప్పిన పేరే రాయాలి. 'బీసీ-డి' అని రాస్తే రిజర్వేషన్ వర్గం తెలుస్తుంది, కులం తెలియదు. సమాజశాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ చెప్పిన ఆధిపత్య కులం ఊళ్లో ఏదో తేలాలంటే కులం పేరు, ఇళ్ల సంఖ్య, భూమి, పంచాయతీలో పదవులు వేర్వేరు గడుల్లో ఉండాలి. పగలు వెళ్తే కూలికి పోయిన ఆడవాళ్లు దొరకరు, వాళ్ల జవాబులు కూడా మగవాళ్లే చెప్పేస్తారు. సాయంత్రం ఇద్దరిద్దరు వెళ్లాలి, ఒకరు అడుగుతుంటే ఒకరు రాసుకోవాలి. ఫారం మీద ఇంటివాళ్ల పేరు వద్దు, నంబరు చాలు.

గ్రంథాలయం మెట్లు: ఇది పద్ధతిగా ఉంది. కానీ చూడండి, ఈ గడులన్నీ గీయగలిగింది శ్రీనివాస్‌ను చదివినవాళ్లే. విద్యార్థి తనంతట తాను గీయలేడు. దుర్ఖైమ్ 'సామాజిక వాస్తవం' (వ్యక్తికి బయట ఉండి అతని నడతను నియంత్రించే ఆచారాలు, నియమాలు) ఒక్క గంటైనా ముందు చెప్పకపోతే, ప్రతి ఇంటి కథా వ్యక్తి స్వభావం కిందే రాసుకొస్తాడు: ఫలానా ఆయన పిసినారి, ఆమె గయ్యాళి అని.

నల్లబల్ల: ఆ ఒక్క గంటా ఇద్దాం. వారానికి 5 గంటలు, 15 వారాలు అనుకుంటే 75. గృహం, కుటుంబం తేడాకూ సామాజిక వాస్తవానికీ 3. తలా 2 ఇళ్లలో ప్రయోగాత్మకంగా అడిగి వచ్చి ఫారం దిద్దుకోవడానికి 4. సర్వే, పట్టికలు కలిపి 15. మిగతా 53 గంటలూ సిలబస్‌కే. కామ్టేకు ఒకటి చాలు, స్పెన్సర్‌ను చదువుకుని రమ్మనొచ్చు.

గ్రంథాలయం మెట్లు: స్పెన్సర్ విషయంలో అభ్యంతరం లేదు. వెబర్‌కు మాత్రం 6 గంటలకు తగ్గితే ఒప్పుకోను. వర్గం, ప్రతిష్ఠ, అధికారం వేర్వేరని ఆయన చెప్పింది అర్థం కాకుండా, భూమి గడికి పక్కన కులం గడి ఎందుకో ఏ విద్యార్థీ చెప్పలేడు.