హేచరీలో ఇసుక కాగిపోతోంది, నీడ వెయ్యొచ్చా?

కళింగ_తీరం:
అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం వైపు తీరం. ఆలివ్ రిడ్లే సముద్ర తాబేళ్ల గుడ్లు సేకరించి హేచరీలో, అంటే పిల్లలు పొదిగేదాకా కాపాడే కంచెలో పాతుతున్నాం. శివరాత్రి దాటిందంటే ఇసుక మీద కాలు నిలవట్లేదు. ఆలస్యంగా పెట్టిన గూళ్లలో పిల్లలు గుడ్డులోనే చచ్చిపోతున్నాయి. షేడ్ నెట్ కట్టాలా, కొబ్బరాకు పందిరి చాలా? నీళ్లు చల్లొచ్చా? పోటు ఏటేటా ముందుకొస్తోంది, కంచె ఎంత వెనక్కి జరపాలి? వెనక సరుగుడు తోట ఒకటి అడ్డం.

జువాలజీ_మాస్టారు:
నేను పాఠం చెప్పే సబ్జెక్టే ఇది, కాబట్టి జాగ్రత్తగా చదవండి. తాబేలు ఆడో మగో తేల్చేది ఇసుక వేడి. 30 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటే రెండూ పుడతాయి. 32 దాటితే దాదాపు అన్నీ ఆడవే. 35 దాకా వెళ్తే పిల్ల బతకడమే కష్టం. ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్ ఉత్తర భాగంలో పచ్చ తాబేళ్లను పరీక్షిస్తే పిల్ల తాబేళ్లలో 99 శాతం ఆడవేనని 2018లో తేలింది. అలాగని జనవరి గూళ్లకు కూడా పందిరి వేసేస్తే అన్నీ మగవి పుడతాయి. మార్చి గూళ్లకు మాత్రమే వెయ్యండి.

వల_రాజు:
గుడ్లకు గొడుగు పడతారు, బాగుంది. మరి జనవరి నుంచి ఒడ్డుకు కొట్టుకొస్తున్న తల్లి తాబేళ్ల శవాల సంగతేంటి? చిన్న పడవ వాళ్లం మేం. ఆ శవాలు మా వలల్లో పడ్డవి కావు. పెద్ద బోట్లు ఒడ్డు వారగా వల ఈడుస్తుంటే అడిగేవాడు లేడు.

బోటు_ఓనర్:
మొదలెట్టారు. వలలో పడ్డ తాబేలు బయటికి పోయేలా పెట్టే ఆ టెడ్ చట్రం బిగిస్తే రొయ్యతో పాటు చేపా జారిపోతుంది. డీజిల్ ఖర్చు మీరిస్తారా?

వల_రాజు:
ఆ టెడ్ లేదనే కదా 2019లో అమెరికా మన సముద్రపు రొయ్య వద్దంది? అప్పుడు పోయింది ఎంతో లెక్కేసుకోండి.

దివి_సీమ:
సరుగుడు 'అడ్డం' అన్నారు చూడండి, అక్కడ మండింది నాకు. 1977 నవంబరు 19 ఉప్పెన పేరు విన్నారా? చెట్లు పట్టుకుని బతికినవాళ్ల పిల్లలం మేం. తాబేలు కోసం చెట్టు కొట్టమంటే ఊరుకోం.

జువాలజీ_మాస్టారు:
కొట్టమన్నదెవరు? పోటు గీత దాకా వరసగా నాటడమే తప్పు. ఇసుక ఇరుకవుతుంది, వేర్లు గూళ్లలోకి పోతాయి, రాలిన ఆకులు కింద పరుపులా పేరుకుంటాయి. తాబేలు పైకొచ్చి, చుట్టూ తిరిగి, గుడ్లు పెట్టకుండా వెళ్లిపోతుంది. ఇసుకను పట్టి ఉంచాలంటే నేల మీద పాకే ఊదా పూల తీగ, రావణాసురుడి మీసాల గడ్డి ఉన్నాయి.

దివి_సీమ:
మీసాల గడ్డి ఉప్పెనను ఆపుతుందా? ఏసీ గదిలో కూర్చుని చెప్పడం తేలిక సార్.

వైజాగ్_పిల్ల:
2014 హుద్‌హుద్ తుపానుకి మా చుట్టూ సరుగుళ్లు ఎలా కూలాయో కళ్లారా చూశాం. గాలికే నిలబడనిది ఉప్పెనకు నిలుస్తుందా?

దివి_సీమ:
గాలి తిన్నది చెట్టు, అందుకే ఇల్లు మిగిలింది. ఆ మాత్రం తెలీదా?

జువాలజీ_మాస్టారు:
ఆవేశం తగ్గించుకోండి. ముందు వరసలు తీసి వెనక వరసలు ఉంచితే ఇద్దరికీ సరిపోతుంది.

దివి_సీమ:
ముందు వరసే కదండీ దెబ్బ తినేది!

ఉప్పాడ_వాసి:
మీకింకా గొడవ పడేందుకు ఇసుకైనా ఉంది. మా ఊరికి ఒడ్డు కోతకు అడ్డంగా జియోట్యూబ్, అంటే ఇసుక నింపిన పెద్ద గుడ్డ గొట్టం వేశారు, రాళ్లు పోశారు. సముద్రం ఇళ్ల దాకా వచ్చింది. రాళ్ల మీద తాబేలు ఎక్కడ తవ్వుకుంటుంది? ఆస్ట్రేలియాలో రెయిన్ ద్వీపంలో గూళ్లు మునిగిపోతుంటే యంత్రాలతో ఇసుక పోసి తీరం ఎత్తు పెంచారట. మనకు ఎవరు పోస్తారు?

బోటు_ఓనర్:
ఇక్కడ అంత ఇసుక పోస్తే తెల్లారేసరికి లారీల్లో వెళ్లిపోతుంది 😀

భక్త_కూర్మం:
శ్రీకూర్మం గుడిలో తాబేళ్లను ఎంత చక్కగా చూసుకుంటారో! మీరందరూ అక్కడికి వెళ్లి నేర్చుకోండి.

ఇసుక_గూడు:
అయ్యా, అవి నక్షత్ర తాబేళ్లు, నేల మీద తిరిగేవి. సముద్రంలో వేస్తే చచ్చిపోతాయి. దయచేసి ఎవరూ తాబేలు కనబడగానే నీళ్లలో వదలకండి.

ఇక కళింగ గారూ, మీరు అడిగింది ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా. ఆకుపచ్చ షేడ్ నెట్ మనిషి ఎత్తున కట్టండి, కింద గాలి ఆడాలి. టార్పాలిన్ వద్దు, వేడి కింద బిగుసుకుంటుంది. కొబ్బరాకు కూడా మంచిదే, కానీ ఎండాక ముక్కలు రాలి గూటి మీద పడతాయి, రోజూ ఏరాలి. సాయంత్రం మంచినీళ్లు పైపైన చల్లితే చాలు. ఇసుక తడిసి ముద్దయితే గుడ్లకు ఊపిరాడదు. థర్మామీటర్ గూట్లో గుచ్చకండి. పక్కన ఖాళీ గుంట తీసి, గుడ్ల మట్టానికి, అంటే మూరెడు లోతున పెట్టండి. గూటికీ గూటికీ మధ్య మీటరు ఉంచండి, పిల్లలు ఎదిగేకొద్దీ వాటి ఒంటి వేడి కూడా తోడవుతుంది. ఏటా కంచె ఒకే చోట వేస్తే ఇసుకలో బూజు పెరుగుతుంది. ఈ విషయం చాలామంది పట్టించుకోరు.

కళింగ_తీరం:
ఇసుక_గూడు గారూ, చాలా థాంక్స్. గుడ్లు ఏ టైమ్ లోగా మార్చాలి? కుర్రాళ్లు తెల్లారాక తెస్తున్నారు.

ఇసుక_గూడు:
పెట్టిన కొద్ది గంటల్లోనే. లేటయ్యాక కదిపితే, తలకిందులు చేస్తే లోపలి పిండం ఊడిపోతుంది. రాత్రే గస్తీ తిరగమనండి. కంచె ఎంత వెనక్కి అనేది మీటర్లలో కాదు, అమావాస్య పోటుకు చెత్త ఆగిన గీత చూసి దానికి పైన వెయ్యండి.

దివి_సీమ:
పైన అంటే తోటలోకా? మళ్లీ అక్కడికే వచ్చారు!

వల_రాజు:
షేడ్ నెట్ ఖరీదెందుకు, మా దగ్గర పాత వలలున్నాయి. రెండు మడతలు వేసి కట్టుకోండి, ఊరికే ఇస్తాం.

ఇసుక_గూడు:
మంచి మనసే అన్నా, కానీ వలలు వద్దు. అంచు కిందకి జారితే రాత్రి బయటికొచ్చిన పిల్లలు వల కన్నాల్లో మెడ ఇరికించుకుంటాయి, తెల్లారేలోపు పీతలు పని కానిచ్చేస్తాయి. ఇవ్వాలంటే కంచెకు కర్రలివ్వండి, కుక్కలు దూరుతున్నాయి.