మోకాళ్ల నొప్పులున్న పెద్దాయన కుర్సురా జలాంతర్గామి లోపల తిరగగలరా?

మాది సైనిక్‌పురి. నాన్నగారికి 75 ఏళ్లు. 1971 యుద్ధంలో పాత విక్రాంత్ విమానవాహక నౌక మీద నావికుడిగా పనిచేశారు. సీ హాక్ విమానాలు డెక్ మీంచి లేచి చిట్టగాంగ్, కాక్స్ బజార్ వైపు వెళ్లిన రోజుల గురించి ఇప్పటికీ నిన్న జరిగినట్టే చెబుతారు, కూరలో ఉప్పు సరిపోయిందో లేదో మాత్రం గుర్తుండదు!

1997లో విక్రాంత్‌ని సర్వీసు నుంచి తప్పించాక ముంబైలో మ్యూజియంగా ఉంచారు. తీసుకెళ్దాం, తీసుకెళ్దాం అంటూనే ఏళ్లు గడిపేశాను. 2014లో తుక్కు కింద విరగ్గొట్టడం మొదలుపెట్టారు. ఆ వార్త చూసి ఆయన రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. తప్పు నాదే.

ఇప్పుడు కనీసం విశాఖ ఆర్కే బీచ్‌లో ఉన్న కుర్సురా జలాంతర్గామినైనా చూపిద్దామని ఉంది. అదీ 1971లో పనిచేసిందే. కానీ లోపల గుండ్రటి ఇరుకు ద్వారాల్లోంచి కాలెత్తి, వంగి దాటాలట. ఆయనకు మోకాళ్ల నొప్పులు. పెద్దవాళ్లతో ఈమధ్య వెళ్లినవాళ్లు ఉంటే చెప్పండి: ఏ వేళకు రద్దీ తక్కువ? మధ్యలో ఆగి ఊపిరి తీసుకోనిస్తారా, వెనకనుంచి తోసేస్తారా?

ఇంకోటి. విక్రాంత్ మ్యూజియంగా ఉన్నప్పుడు డెక్ మీద తీసుకున్న ఫొటోలు ఎవరి దగ్గరైనా ఉంటే దయచేసి పెట్టండి. నాన్నగారికి చూపిస్తాను.