మిల్టన్ తలుపు మీది పద్యం

ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో పోయిన సమావేశం ముగుస్తుండగా ఒక మిత్రురాలు అడిగిన ప్రశ్నకు అక్కడ సమయం చాలలేదు. యుద్ధం గురించి రాసే కవికి లెక్కపెట్టిన పాదాలు, ప్రాసలు దేనికి, ఆ భయాన్నీ బాధనూ వచనంలో చెప్పుకోకూడదా అని. పదిహేడో శతాబ్దపు ఆంగ్లకవి మిల్టన్ రాసిన ఎనిమిదో సానెట్‌ను (ఎనిమిదీ ఆరూగా విడే పద్నాలుగు పాదాల పద్యం) దగ్గరగా చదివితే జవాబు అందులోనే ఉందని నా నమ్మకం.

1642 నవంబరు. ఇంగ్లండులో రాజుకూ పార్లమెంటుకూ అంతర్యుద్ధం. ఎడ్జ్‌హిల్ పోరు తరువాత రాజు సైన్యం లండన్ మీదికి వస్తోంది. మిల్టన్ పార్లమెంటు పక్షం మనిషి. లండన్‌లోని ఆల్డర్స్‌గేట్ వీధిలో కాపురం. ఇంటి తలుపుకు అంటించడానికన్నట్టు ఈ పద్యం రాశాడు. రాతప్రతిలో మొదట ఉన్న శీర్షిక కూడా అదే చెబుతుంది: నగరం దాడికి ఎదురుచూస్తున్న వేళ అతని తలుపు మీద. తరువాత దాన్ని కొట్టేసి వేరేది పెట్టాడు.

మొదటి ఎనిమిది పాదాలూ బేరం. ఓ సేనానీ, ఈ దిక్కులేని తలుపులు నీ చేతికి చిక్కితే వీటిని కాపాడు. లోపలున్నవాడికి కీర్తిని రప్పించే మంత్రాలు తెలుసు, నీ పేరును ఎండ సోకే ప్రతి దేశానికీ చేరుస్తాడు. ప్రాసపదాలు వినండి: ఆర్మ్స్, హార్మ్స్, చార్మ్స్, వార్మ్స్. ఆయుధాలు, కీడు, మంత్రాలు, వెచ్చదనం. సైనికుడి చేతిలోని ఆయుధమూ కవి నోటిలోని మంత్రమూ ఒకే ధ్వనితో ముగుస్తున్నాయి. సైనికుడు ఇంకా ఒప్పుకోలేదు. చెవి మాత్రం అప్పుడే ఒప్పుకుంది. వచనం ఈ పని ఎలా చేస్తుంది?

తొమ్మిదో పాదంలో గొంతు మారుతుంది. సీసం నాలుగు పాదాలూ సాగాక ఎత్తుగీతి అందుకోగానే నడక మారుతుంది కదా, అలాంటి మలుపే. బేరం పోయి శాసనం వస్తుంది: కళాదేవతల పొదరింటి మీద ఈటె ఎత్తకు! వెంటనే రెండు సాక్ష్యాలు. గ్రీకు నగరం థీబ్స్‌ను నేలమట్టం చేయించిన అలెగ్జాండర్ పిండార్ కవి ఇంటిని మాత్రం వదిలేశాడు. ఓడిన ఏథెన్స్‌ను రూపుమాపుదామని విజేతలు ఆలోచిస్తుండగా ఒకడు గ్రీకు నాటకకర్త యూరిపిడీస్ 'ఎలెక్ట్రా'లోని పాట పాడాడు, వాళ్ల మనసు కరిగింది.

నాకు అన్నిటికన్నా నచ్చే చోటు పదకొండో పాదం చివర ఉంది. గుడీ గోపురమూ అన్నంతవరకే ఆ పాదం. నేలకూలాయి అన్న మాట కింది పాదానికి జారుతుంది. 'టవర్' పాదం అంచున ఒక్క క్షణం నిలబడి అప్పుడు కూలుతుంది. మన వృత్తాల్లో పదమే రెండు పాదాల మధ్య విరుగుతుంది, ప్రాస పాదం మొదట్లో రెండో అక్షరం దగ్గర ఉంటుంది. అందుకే పాదాంతపు విరామం మన చెవికి అంతగా తట్టదు. వాళ్లకు ప్రాస పాదం చివరే ఉంది కనుక చెవి అక్కడ ఆగుతుంది. గట్టిగా చదివి చూడండి. పైగా కూలిన ఆ టవర్, పైనున్న బవర్ (పొదరిల్లు)తోనూ కిందనున్న పవర్‌తోనూ ప్రాస కలుపుకుని పద్యంలో అలాగే ఉండిపోయింది.

సభ్యులొకరి వ్యాఖ్య:
మనకు ఈ సంఘర్షణ లేదు కదండీ. కృష్ణదేవరాయలు కళింగ దండయాత్రలో మన సింహాచలం వచ్చి స్వామికి నగలు సమర్పించి శాసనం వేయించారు. 'ఆముక్తమాల్యద' రాయమని కల వచ్చింది కూడా కళింగం మీదికి వెళ్తూ కృష్ణాతీరపు శ్రీకాకుళంలో ఆగినప్పుడే. సాహితీ సమరాంగణ సార్వభౌముడని ఊరికే అన్నామా?

నా జవాబు:
మంచి ఉదాహరణ ఇచ్చారండీ. ఆ బిరుదును సమాసంగా చూడండి. సాహిత్యమూ సమరాంగణమూ ఒకే ప్రభువు కిందికి చేరి ఒకే ఊపిరిలో పలుకుతున్నాయి. సింహాచలం శాసనం గెలిచినవారి మాట. మిల్టన్ తలుపుకు అటూ ఇటూ ఇద్దరున్నారు: ఈటె ఉన్నవాడొకడు, మంత్రం తప్ప ఏమీ లేనివాడొకడు. ఆ ఇద్దరి మధ్య తలుపులాగే ఎనిమిదికీ ఆరుకూ మధ్య ఆ చీలిక ఉండాలి.

ఇంకొకటి చెప్పాలి. చివరి పాదం ఏథెన్స్ గోడలు దక్కాయంటుంది. చివర వినిపించే మాటలు మాత్రం 'రూయిన్ బేర్', వట్టి శిథిలం. ప్రాచీన గ్రీకు రచయిత ప్లూటార్క్ చెప్పిన కథలో ఆ పాట నగరాన్ని దక్కించింది గాని గోడలను దక్కించలేదు. విజేతల సేనాని లైసాండర్ వేణువులు ఊదే స్త్రీలను పిలిపించి, ఆ సంగీతం నడుమే గోడలు కూల్పించాడు. పాట ఇటూ ఉంది, అటూ ఉంది. అందుకే ఈ పద్యంలో కళ గెలిచిందని నేను అనలేను. స్పేర్, ఎయిర్, బేర్: విడిచిపెట్టడం, పాట, శూన్యం. మూడింటినీ ఒకే ప్రాసతో కట్టి మిల్టన్ అక్కడ ఆపాడు. రాజు సైన్యం లండన్ పొలిమేరల్లో టర్న్‌హామ్ గ్రీన్ దగ్గరే వెనుదిరిగింది, పద్యానికి పరీక్ష రాలేదు.

వచ్చే సమావేశానికి మొదటి ప్రపంచయుద్ధపు ఆంగ్లకవి విల్‌ఫ్రెడ్ ఓవెన్ 1917లో ఎడిన్‌బరో దగ్గరి సైనిక ఆసుపత్రిలో ఉండగా, చావుకు గురైన యువకుల గురించి రాసిన సానెట్ తీసుకుందాం. తుపాకుల మోత ఏ పాదం దాకా వినిపిస్తోందో, అంత్యప్రాసల వరస ఎక్కడ మారిందో పెన్సిలుతో గుర్తు పెట్టుకుని రండి.