పారకాస్ దుప్పట్ల మీద జంతువులు: నేత అనాలా, కుట్టు అనాలా?

పెరూలో పారకాస్ అనే ప్రాచీన సంస్కృతి వాళ్ల దుప్పట్ల ఫోటోలు ఎక్కడ కనబడినా కింద "పురాతన నేతలో పిల్లులు, పక్షులు" అనే రాస్తున్నారు, నాకైతే ఆ "నేత" దగ్గరే అభ్యంతరం. మగ్గం మీద నేసింది సాదా బట్ట మాత్రమే, జంతువులన్నీ తర్వాత సూదితో అల్పాకా, లామా జాతుల ఉన్నిదారంతో కుట్టినవే. ఆ కుట్టు మన టైలరింగ్ క్లాసుల్లో నేర్పే కాడ కుట్టే! దాదాపు 2000 ఏళ్ల నాటి పని, శవాల చుట్టూ చుట్టిన బట్టలు, పెరూ పురావస్తు శాస్త్రవేత్త హూలియో టెల్యో బృందం 1927 నుంచి 'వారి కయాన్' అనే శ్మశానంలో అలాంటి 429 శవాల మూటలు తవ్వి తీసింది, అక్కడ వాన అన్నదే లేని ఎడారి కాబట్టి రంగులు కూడా నిలిచాయి.

— నేతైనా కుట్టైనా చూసేవాళ్లకి ఏం తేడా అండీ?

— చాలా ఉంది. ఒక పద్ధతిలో కుట్టు బట్ట పోగుల వెంబడే, నిలువుగానో అడ్డంగానో ఐమూలగానో తిన్నగా పోతుంది, నేపథ్యం కూడా మొత్తం కుట్టుతోనే నింపేస్తారు, అందుకే పిల్లికి వంపు ఉండదు, అన్నీ మూలలే, పైగా దాని ఒంట్లో ఇంకో చిన్న పిల్లి, పాముకి రెండువైపులా తలలు. ఇంకో పద్ధతిలో ముందు బొమ్మ అంచు గీసినట్టు కుట్టి లోపల రంగు నింపుతారు, చుట్టూ బట్ట ఖాళీగా వదిలేస్తారు, అప్పుడు రెక్కకి, తోకకి వంపులు వచ్చేస్తాయి. అదే పక్షి వరసగా వస్తుంది కానీ రంగులు మారుతుంటాయి, ఒకటి తలకిందులుగా కూడా ఉంటుంది. నాకు మొదటి పద్ధతే ఇష్టం, ఎంతసేపు చూసినా ఇంకో జంతువు దొరుకుతుంది.

— మోటిఫ్‌ని బుటా అనొచ్చా?

— దుప్పటి మధ్యలో చదరంగం గళ్లలా విడివిడిగా ఉన్నవాటికైతే భేషుగ్గా అనొచ్చు. ఒకదాంట్లో ఒకటి ఇరుక్కున్నవాటికి నప్పదు, వాటిని బొమ్మలనే అందాం.

— కాండోర్ (ఆండీస్ కొండల పెద్ద రాబందు) అని పారకాస్ వాళ్లే పిలిచేవాళ్లా?

— లేదండీ. కాండోర్, పూమా, లామా మూడూ ఆండీస్ ప్రాంతపు కెచువా భాష నుంచి స్పానిష్ మీదుగా వచ్చిన మాటలు. పారకాస్ వాళ్లు లిపి వదిలి వెళ్లలేదు, వాళ్లు మాట్లాడింది ఏ భాషో కూడా ఎవరూ తేల్చలేదు.