సిండ్రెల్లా మ్యూజికల్‌కి 42 మంది రెండో క్లాసు పిల్లలు: వెళ్లేలోపు వీళ్లకి ఏం నేర్పాలి?

రెండో క్లాసు టీచరు:

అందరికీ నమస్కారం. మాది హిందూపురం. బెంగళూరులో సర్జాపూర్ రోడ్డు వైపు ఒక స్కూల్లో ఆరేళ్లుగా రెండో క్లాసుకి చెప్తున్నాను. వచ్చే నెల మా రెండు సెక్షన్లూ కలిపి 42 మందిని సిండ్రెల్లా కథతో చేసిన ఇంగ్లీషు మ్యూజికల్‌కి తీసుకెళ్తున్నాం. మల్లేశ్వరం చౌడయ్య హాల్లో, పొద్దున పదకొండింటికి. గంటా పది నిమిషాల ఆట, మధ్యలో ఇంటర్వెల్ లేదు.

మా పిల్లల్లో చాలామందికి థియేటరంటే మాల్‌లో ఉండే సినిమా హాలే. ఈ సంగతి చెప్పగానే ఒకడు పాప్‌కార్న్ ఉంటుందా అన్నాడు. ఒకమ్మాయి చాలా సీరియస్‌గా "బోర్ కొడితే స్కిప్ చెయ్యొచ్చా మేడమ్" అంది. ట్యాబ్‌లో కథలు చూస్తూ అన్నం తిన్నవాళ్లు, ఇంకెలా అడుగుతారు?

పోయినేడు బొమ్మలాటకి తీసుకెళ్లాను. లైట్లు ఆరగానే ఒక బాబు ఏడుపు అందుకున్నాడు. వాణ్ణి చూసి ఇంకో నలుగురు. ఆ ఐదుగుర్నీ బయట వరండాలో కూర్చోబెట్టుకుని బిస్కెట్లు పెట్టడంతోనే నాకు ఆట అయిపోయింది. లోపలున్నవాళ్ల సంగతి ఇంకో రకం. అడుగేస్తే లైట్లు వెలిగే బూట్లుంటాయి చూడండి, అవి తొడుక్కొచ్చినవాళ్లు తొమ్మిది మంది. చీకట్లో కాళ్లు నేలకేసి కొట్టుకుంటూ ఆ ఎర్ర లైట్లే చూసుకున్నారు.

ఇప్పుడు నా సందేహాలు. కథ ముందే మొత్తం చెప్పేయాలా? నా పక్క సెక్షన్ టీచరు చెప్పొద్దంటుంది, మజా పోతుందని. ఆవిడ గౌనుకి రంగులేసే వర్క్‌షీట్ ప్రింట్ తీయించింది. గౌనుకి రంగులేస్తే నాటకం చూడటం ఎలా వస్తుందో నాకర్థం కాలేదు, కానీ నా దగ్గర అంతకంటే మంచి ఉపాయమూ లేదు.

రెండోది కొంచెం సున్నితం. నా క్లాసులో ఒక పాపకి తల్లి పోయింది. నిరుడు నాన్న మళ్లీ పెళ్లి చేసుకున్నారు. కొత్తమ్మ రోజూ గేటు దాకా వచ్చి దింపి వెళ్తుంది, పాపకి జడ కూడా చక్కగా వేస్తుంది. ఈ కథలో చెడ్డది ఎవరో మీకు తెలుసు కదా. ఆ పాపని పక్కన పిలిచి ముందే ఏమైనా చెప్పాలా, ఊరుకోవాలా? రెండు రోజులుగా ఇదే ఆలోచన.

మేకప్ డబ్బా:

టీచరుగారూ, నేను పదేళ్లుగా ఇక్కడ పిల్లల నాటకాల్లో వేస్తున్నాను. ఎక్కువగా ఎలుగుబంటి, మంత్రి, చెట్టు. స్టేజీ మీంచి చూసినవాడిగా చెప్తాను.

కథ మొత్తం చెప్పేయండి. నిస్సంకోచంగా. పాటల్లో ఇంగ్లీషు మాటలు మాకే సగం అర్థం కావు, ఏడేళ్ల పిల్లలకి ఎలా అర్థమవుతాయి? కథ తెలిసినవాడు పాటలో మాట పోయినా "ఆ, ఇప్పుడు గుమ్మడికాయ బండి అవుతుంది" అని పట్టుకుంటాడు. తెలియనివాడు పక్కవాణ్ణి అడుగుతాడు, వాడు ఇంకొకణ్ణి. ఆ గుసగుస మాకు స్టేజీ మీదికి చీమల బారులా వినిపిస్తుంది. లైట్లు మా కళ్లలో కొడుతుంటాయి కాబట్టి పిల్లల మొహాలు కనబడవు, చెవులు మాత్రం పనిచేస్తుంటాయి. ఈ ముక్క పిల్లలకి తప్పక చెప్పండి: "మీరు వాళ్లకి వినిపిస్తారు." సినిమాకీ నాటకానికీ తేడా చెప్పాలంటే ఇంతకంటే అక్కర్లేదు.

ఇంకోటి. ట్రూప్‌కి ఫోన్ చేసి మూడు సంగతులు అడగండి. పాటలు లైవ్ బ్యాండా, ముందే రికార్డు చేసిన ట్రాకా? ట్రాకైతే అది ఎవరికోసమూ ఆగదు. పిల్లలు చప్పట్లు సాగదీస్తే తర్వాతి మాట మునిగిపోతుంది. నటులు ప్రేక్షకుల్ని ప్రశ్నలడుగుతారా? అడిగేటట్లయితే అప్పుడు గట్టిగా జవాబు చెప్పాలని పిల్లలకి ముందే తెలియాలి. లేకపోతే బాగా క్రమశిక్షణ నేర్పిన స్కూలు పిల్లలు నోటిమీద వేలేసుకుని కూర్చుంటారు, మేం "దాక్కోవాలా, వద్దా?" అని అడిగి అడిగి చచ్చిపోతాం. మూడోది, పూర్తిగా చీకటి ఎప్పుడు పడుతుంది, పెద్ద శబ్దం ఎక్కడుంది? ఏ ట్రూపైనా సంతోషంగా చెప్తుంది. వీలైతే ఒక పల్లవి రికార్డింగ్ అడిగి తెచ్చుకోండి. తెలిసిన పాట వచ్చినప్పుడు పిల్లలు వెన్ను నిటారు చేసి కూర్చోవడం చీకట్లో కూడా మాకు తెలిసిపోతుంది.

గౌను మారే ట్రిక్కు మాత్రం చెప్పొద్దు. చేసేవాళ్ల పొట్ట కొట్టకండి.

కడపోడు:

మేడమ్, నాకు తెలిసింది ఒకటి చెప్తా. మీరంతా నిశ్శబ్దం నిశ్శబ్దం అంటాంటే నవ్వొస్తాంది.

మాది కడప జిల్లా. సురభి నాటకాలు పుట్టింది మా జిల్లాలోని సురభి ఊర్లోనే, 1885లో, కీచకవధతో. మా జేజి చిన్నప్పుడు బండి కట్టుకుని పోయి చూసేదంట. స్టేజీ మీద వాన, మంటలు, ఆకాశంలో ఎగిరే మనుషులు. జేజి ఆ మాయలన్నీ చెప్పేది గానీ, ఎక్కువగా చెప్పింది జనం గురించే. పద్యం బాగా పాడితే "వన్స్‌మోర్" అని కేక. పాడినోడు మళ్లీ ఎత్తుకోవాల్సిందే. మా నాయన చూసిన ఒక పద్యనాటకంలో చచ్చి పడిపోయినోడు వన్స్‌మోర్ వినపడగానే లేచి, పద్యం పాడి, మళ్లీ చచ్చిపోయినాడంట. చూసినోళ్లెవరూ అది తప్పనుకోలేదు.

అందుకే పిల్లకాయలకి "నోరు మూసుకో" అని నేర్పొద్దండి. ఎప్పుడు తెరవాలో నేర్పండి. పాట అయినాక కొట్టనీ చప్పట్లు. బాగుంటే కేకెయ్యనీ.

రెండో క్లాసు టీచరు:

కడప అన్నా, 42 మందికి వన్స్‌మోర్ నేర్పిస్తే నా ఉద్యోగం పోతుంది! కానీ మీ మాట మనసుకి పట్టింది. మా తాత కూడా హరిశ్చంద్ర కాటి సీను పద్యాలంటే ప్రాణం పెట్టేవారు.

మేకప్ డబ్బా గారూ, ట్రూప్‌కి ఫోన్ చేశాను. ట్రాకేనట. పిల్లల్ని ఒకేచోట ప్రశ్న అడుగుతారట. పూర్తి చీకటి రెండుసార్లు, ఒకటి అర్ధరాత్రి గంటలు కొట్టాక. పల్లవి ఆడియో వాట్సాప్‌లో పంపించారు.

మల్లేశ్వరం బామ్మ:

అమ్మాయ్, నేను ముప్పై రెండేళ్లు ఇక్కడే ఒక బడిలో పని చేసి రిటైరయ్యాను. మా ఇంట్లోంచి ఆ హాలు నడిచి వెళ్లేంత దూరం. నీ రెండో ప్రశ్నకే జవాబు రాద్దామని కూర్చున్నాను, ఎందుకంటే నేనూ సవతి తల్లినే. నాకు పెళ్లయ్యేటప్పటికి మా ఇద్దరు పిల్లలు తొమ్మిదేళ్లూ, ఆరేళ్లూ. నేను కన్నవాళ్లు లేరు, వాళ్లే నా పిల్లలు.

ఆ పాపని పక్కకి పిలవొద్దు. పిలిచి మెల్లగా మాట్లాడావంటే, తనకేదో అయిందని అప్పుడే తెలుస్తుంది దానికి. ముందు ఆ తల్లితో మాట్లాడు. గేటు దగ్గర కాదు, అందరూ చూస్తుంటారు. ఫోన్ చేసి, "ఇలాంటి కథకి వెళ్తున్నాం, మీకు తెలిసి ఉండాలని చెప్తున్నాను" అను, చాలు. మా చిన్నదాని స్కూల్లో ఇలాంటిదే వేస్తే నాకెవరూ చెప్పలేదు. ఆ సాయంత్రం అది నా చేతి అన్నం తినలేదు. నాకు కారణం తెలియడానికి వారం పట్టింది.

క్లాసులో చేయాల్సింది వేరే. సవతి తల్లులందరినీ ఒకే గాట కట్టే కథ ఒక్కటే పిల్లలకి తెలిసి ఉండకూడదు. ధ్రువుడి కథ చెప్పు, సురుచి వాణ్ణి తండ్రి ఒడిలోంచి దింపేసింది. మరునాడు కృష్ణుడి కథ చెప్పు, యశోద కన్నదా? కనలేదు. ఎవరైనా ఆవిణ్ణి తల్లి కాదంటారా? సిండ్రెల్లాలో ఆవిడ చెడ్డది కావడానికి కారణం ఆవిడ చేసిన పనులు. పిల్లల్ని అడుగు, ఏ పని చెడ్డదని. గిన్నెలు తోమించడమా? వేడుకకి రానివ్వకపోవడమా? వాళ్లే తేలుస్తారు. సిండ్రెల్లా అనే మాటకే అర్థం బూడిద, పొయ్యి దగ్గర కూర్చునే పిల్ల. మనమూ "పొయ్యి దగ్గరి పిల్ల" అందాం, ఆవిణ్ణి "ఆ ఇంటావిడ" అందాం. అంతలో కొంప మునగదు.

ఇది ఒక్క దేశపు కథ కూడా కాదు. గుమ్మడికాయ, గాజు చెప్పు పెట్టింది ఫ్రాన్సులో పెరో, 1697లో. జర్మనీలో గ్రిమ్ సోదరులు 1812లో అచ్చేసినదాంట్లో ఆ అక్కలు జోడు పట్టడానికి ఒకతి కాలివేలు, ఒకతి మడమ కోసుకుంటారు. ఆ భాగం మీ పిల్లలకి చెప్పకు తల్లీ! అంతకు ఎంతో ముందే, తొమ్మిదో శతాబ్దంలో, చైనాలో ఒకాయన రాసిపెట్టిన కథలో యెషియెన్ అనే పిల్లకి సాయం చేసేది ఒక చేప. చేప ఎముకలు కోరిన చీరలిస్తాయి. చీరలు కావులే, అక్కడి బట్టలు.

చేప అన్నాను కాబట్టి, పిల్లలకి కథని పాటగా వినడం అలవాటు చేయాలంటే ఏడు చేపల కథ ఉండగా వేరే ఏం కావాలి? "చేపా చేపా ఎందుకెండలేదు?" ఒక గుంపు అడగాలి, ఒక గుంపు చెప్పాలి, చీమ దగ్గరికొచ్చేసరికి మెల్లగా పాడాలి. తెలుగు రాని పిల్లలకి కన్నడంలో మార్చుకో.

ఆ హాలు వయొలిన్ ఆకారంలో ఉంటుంది, బస్సు దిగగానే చూపించు. 1980లో కట్టారు. ఆ హాలుకి ఎవరి పేరు పెట్టారో ఆ చౌడయ్యగారు నాలుగు తీగెలు చాలవని ఏడు తీగెల వయొలిన్ వాయించారు. మైకులు లేని రోజుల్లో వెనక వరుసవాడికీ వినపడాలని. ఆ మాట పిల్లలకి చెప్తే, మనకి వినిపించడానికి కూడా ఎవరో కష్టపడతారని అర్థమవుతుంది.

సిల్క్ బోర్డు బాధితుడు:

అన్నీ బాగున్నాయి, బస్సు ఎన్నింటికి? ఎనిమిదికి బయల్దేరకపోతే ఈ ఏడు చేపలూ ట్రాఫిక్‌లోనే ఎండుతాయి. జేపీ నగర్ రంగశంకర థియేటర్లో టైమయ్యాక తలుపు తీయరు, నేను రెండుసార్లు గేటు బయట కాఫీ తాగి ఇంటికొచ్చాను. మీ హాల్లో రానిస్తారేమో గానీ చీకట్లో 42 మందిని సీట్లు వెతికి కూర్చోబెట్టడం ఊహించుకోండి. ఇంకోటి, హాల్లోకి వెళ్లే ముందు అందరినీ బాత్రూమ్‌కి. "నాకు రావట్లేదు" అన్నవాణ్ణి కూడా. ముఖ్యంగా వాణ్ణి.

రెండో క్లాసు టీచరు:

వెళ్లొచ్చాం! ఆలస్యమైంది రాయడానికి, గొంతు పోయింది.

ఎనిమిదింపావుకి బయల్దేరాం, పదీ నలభైకి చేరాం. చీకటి సాధన మూడుసార్లు చేశాం, స్కూల్లో వీడియోలు చూపించే రూములో కర్టెన్లు మూసి. మొదటిసారి పది అంకెలు లెక్కపెట్టేంత సేపు, చివరికి నిమిషం. మొదటిసారి ఏడ్చిన బాబుకి స్విచ్చు వేసే ఉద్యోగం ఇచ్చాను. వాడే చీకటి చేస్తున్నాడు కాబట్టి వాడికి భయం లేదు. హాల్లో లైట్లు ఆరినప్పుడు పక్కవాడితో "ఇది అంకులు చేశాడు" అన్నాడట. బూట్ల గురించి ఇళ్లకి చీటీ పంపాను, అయినా ఇద్దరు అవే తొడుక్కొచ్చారు. ఇన్సులేషన్ టేపు తీసుకెళ్లాను లెండి.

బామ్మగారూ, ఆ తల్లికి ఫోన్ చేశాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "నేను కూడా రావచ్చా మేడమ్, పిల్లల్ని పట్టుకోవడానికి" అంది. వచ్చింది. పాప పక్కన కూర్చోలేదు, తన గుంపు తనకుంది కదా, ఆరుగురిని చూసుకుంది. నాటకంలో ఆ ఇంటావిడ పాట అన్నిటికంటే హుషారుగా ఉంది, ఊదారంగు టోపీ, చేతిలో ఈకల విసనకర్ర. తిరుగు ప్రయాణంలో పాప బస్సులో ఆ పాటే పాడుతూ నడిచింది, వాళ్లమ్మ ముందుకొచ్చి మరీ. ఆవిడ నవ్వింది. నేను కిటికీలోంచి బయటికి చూస్తున్నట్టు నటించాను.

కడప అన్నా, పల్లవి తెలిసిన పాట అయ్యాక నా స్విచ్చు బాబు లేచి "వన్స్‌మోర్" అన్నాడు. నేను నేర్పలేదు, ఒట్టు. మీ కథ ఒకరోజు చెప్పాను, అంతే. ట్రాక్ ఆగలేదు గానీ, రాజకుమారుడు వేసినాయన అటు తిరిగి తల వంచాడు.

ఇప్పుడొక సమస్య. వినడానికి ఒక పని ఇవ్వాలని, అర్ధరాత్రి గంటలు లెక్కపెట్టమన్నాను అందరినీ. బస్సెక్కిన దగ్గర్నుంచీ కొట్లాట. ఎక్కువమంది పదకొండే కొట్టాయంటున్నారు. క్లాసులో ఫస్టొచ్చే పిల్లలు పన్నెండు అంటున్నారు, నాకు అనుమానం, వాళ్లు లెక్కపెట్టలేదు, కథ తెలుసు కాబట్టి చెప్తున్నారు. నేను వెనక వరుసలో ఒకణ్ణి బాత్రూమ్‌కి తీసుకెళ్తున్నాను ఆ టైముకి. మేకప్ డబ్బా గారూ, మీకు ఆ ట్రూప్‌లో ఎవరైనా తెలుసా? పదకొండా, పన్నెండా?

మేకప్ డబ్బా:

అడిగాను. సౌండ్ చూసే కుర్రాడు నాకు తెలుసు. రికార్డింగ్‌లో పన్నెండే ఉన్నాయట, కానీ మొదటి దెబ్బ డాన్సు పాట చివరి డ్రమ్ముతో కలిసిపోయి బయటికి వినపడదట. మీ పిల్లలది కరెక్టు, హాల్లో వినిపించేవి పదకొండే. ఇన్ని షోలయ్యాయి, ఇంతవరకు ఎవరూ అడగలేదట. వచ్చే షోకి ఆ డ్రమ్ము తగ్గిస్తానన్నాడు.