పిల్లలకు అల్లిక: రెండు సూదులా, లేసు సూదా?

ఊలుబంతి:
మే నెలలో మా అపార్ట్‌మెంట్‌లో (భీమవరం) పన్నెండు మంది పిల్లలకు పది రోజులు ఊలు అల్లిక నేర్పుతున్నాను. 7 నుంచి 11 ఏళ్లవాళ్లు, ఐదుగురు మగపిల్లలు. 5 మి.మీ. వెదురు సూదులు, లావు ఊలు, 20 కుట్లు నేనే ఎక్కించి ఇస్తా. అల్లినవన్నీ చివరి రోజు బల్ల మీద పెట్టి అమ్ముదామని. సూదులే ఇవ్వనా, కొక్కెం ఉన్న ఒంటి లేసు సూదితో (క్రోషే) మొదలుపెట్టనా?

నరసాపురం అక్క:
మే నెలలో భీమవరంలో ఊలా అమ్మా? చేతులు చెమట పట్టి ఊలు వేళ్లకు అంటుకుంటుంది. నూలు దారం, లేసు సూది ఇవ్వండి. లేసులో ఎప్పుడూ ఒక్క కుట్టే సూది మీద ఉంటుంది, జారినా ఎక్కించుకోవచ్చు. రెండు సూదుల్లో ఒకటి జారితే నిచ్చెనలా కిందిదాకా దిగుతుంది, పన్నెండు మందీ మీ ముందు క్యూ కడతారు.

డల్లాస్ అమ్మ:
ముందు ఉత్త వేళ్లతో గొలుసు అల్లించండి. సూది రెండో రోజు.

ఊలుబంతి:
అక్కా, ఏసీ హాలు. సన్న దారంలో కుట్టు ఎక్కడుందో పిల్లలకు కనపడదు, లావు ఊలులో కనపడుతుంది. కిందటేడు ఒక పాప 20తో మొదలుపెట్టి 26 చేసింది. ఊలు సూది మీదుగా వెనక్కి వెళ్లి మొదటి కుట్టు రెండులా కనిపించింది, రెండూ అల్లేసింది. ఎందుకు పెరిగాయో తనే కనిపెట్టాక ఆ ముఖం చూడాలి.

నరసాపురం అక్క:
కరెంటు పోతే? ఏసీ హాలు అయితే మాత్రం ఇంటికెళ్లి అల్లరా?

లెక్కల మాస్టారు:
చెమట మీదే ఇంత చర్చా? చేతిపనులకు పెద్దపీట వేసే వాల్డార్ఫ్ బడుల్లో ఒకటో తరగతిలోనే ఆడామగా అందరికీ రెండు సూదులతో నేర్పుతారు. మన నరసాపురం లేసుకు 2024లో జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు సరుకని చెప్పే ముద్ర) వచ్చింది. గర్వంగా అదీ నేర్పండి, అమ్మండి. పిల్లలకు డబ్బు విలువ తెలుస్తుంది.

నరసాపురం అక్క:
గర్వమా మాస్టారూ? నాకు ఎనిమిదేళ్లప్పుడు మా అమ్మ దారం ఉండ చేతిలో పెట్టింది. బడి నుంచి వచ్చి అరుగు మీద కూర్చుంటే దీపాలు పెట్టాక కూడా లేసు పువ్వులు అల్లుతూనే ఉండేదాన్ని, వారానికోసారి ఏజెంటు వచ్చి లెక్కపెట్టి, మాసిందని రెండు పక్కన పడేసి, మిగతావాటికి చిల్లర ఇచ్చేవాడు. వాటిని కలిపే అతుకుపని అమ్మది. అన్నయ్య చేతికి సూది ఎవరూ ఇవ్వలేదు. వాడు డిగ్రీ చదివాడు, నా చదువు ఆరుతో ఆగింది. ఇప్పటికీ లేసు పువ్వు చూస్తే అందం కాదు, ఎంత ఇస్తారన్నదే ముందు తోస్తుంది. పొద్దున్నుంచి చెమట అని పేచీ పెడుతున్నాను గానీ నా బాధంతా ఆ బల్ల గురించే.

లెక్కల మాస్టారు:
మీది కూలి, ఇది సెలవుల్లో సరదా. రెండూ ఒకటెలా అవుతాయి?

నరసాపురం అక్క:
కొనేవాళ్లు బాగున్నదే కొంటారు. ఎవరూ కొననిది అల్లిన పిల్ల ఇంటికి ఏమనుకుంటూ వెళ్తుంది? ఆ 26 కుట్ల పాపదే చెప్పండి, ఎవరు కొంటారు? ఏజెంటు పక్కన పడేసిన రెండు పువ్వులూ నాకు ఇంకా గుర్తే.

ఊలుబంతి:
బల్ల తీసేస్తున్నా అక్కా. ఎవరిది వాళ్లు ఇంటికి తీసుకెళ్తారు, వంకరైనా సరే. సూదులు మాత్రం మార్చను. ఒక బాబుది ఎడమచేతి వాటం, వాడికెలా చూపించాలి?

లెక్కల మాస్టారు:
అమ్మకం మానడం తొందరపాటే అంటాను.

నరసాపురం అక్క:
పక్కన కూర్చోబెట్టుకోకండి, ఎదురుగా కూర్చోండి. మీరు కుడిచేత్తో చేసేది అద్దంలో చూసినట్టు వాడు ఎడమచేత్తో చేస్తాడు. చెయ్యి మార్చుకోమని మాత్రం అనకండి.