128 కేబీ స్క్రాచ్‌ప్యాడ్: డబుల్ బఫర్ పెడితే చోటు చాలడం లేదు

కావలి నుంచి ప్రశ్న:
రొయ్యల చెరువులో చెక్ ట్రే ఫొటో చూసి మేత ఎంత మిగిలిందో చెప్పే మోడల్ ఇది. దీన్ని నడిపే చిప్ (యాక్సిలరేటర్)లో క్యాష్ లేదు, ఉన్నదంతా 128 కేబీ స్క్రాచ్‌ప్యాడే, అంటే ఏది ఎక్కడ ఉండాలో మన ప్రోగ్రామే చెప్పాల్సిన చిప్ లోపలి మెమరీ. ఎ × బి = సి మాట్రిక్స్ గుణకారాన్ని ముక్కలు (టైళ్లు)గా చేస్తున్నా. ఎ, బి టైళ్లు 128×128, 8 బిట్లవి. కూడికలు పడే సి టైల్ 32 బిట్లది. ఒక టైల్‌తో లెక్క జరుగుతుండగా తర్వాతిది తెచ్చుకునేలా ఎ, బిలకి రెండేసి చోట్లు (డబుల్ బఫర్) పెట్టగానే, ఫంక్షన్ల తాత్కాలిక డేటా ఉండే స్టాక్‌కి చోటు లేదని ప్రోగ్రామ్‌ని కూర్చే లింకర్ ఆపేస్తోంది. సి టైల్‌ని 64×128కి తగ్గిస్తే పడుతోంది గానీ బాగా నెమ్మదించింది. ఏం చేయాలన్నా?

ఒంగోలు:
ఎ 16 కేబీ, బి 16, రెండేసి చొప్పున 64. సి ఒక్కటే 64. మొత్తం 128, ఇంక స్టాక్‌కి ఏం మిగులుద్ది తమ్ముడూ! నువ్వు తగ్గించిన వైపు సరికాదు. సి టైల్ అడ్డం ఎన్, నిలువు ఎం, ఎ అడ్డం (అదే బి నిలువు) కె అనుకో. కె లూప్ లోపల తిరుగుతూ సి కదలకుండా ఉన్నంతకాలం, ఒక్కో గుణకారానికి బయటి నుంచి తెచ్చే బైట్లు 1/ఎం + 1/ఎన్. ఇందులో కె లేనే లేదు. 128×128కి 1/64, 64×128కి 3/128, అంటే ఒకటిన్నర రెట్లు.

కాబట్టి ఎం, ఎన్ జోలికి పోకుండా కెని 64 చెయ్యి. ఎ, బి నాలుగు బఫర్లు కలిపి 32 కేబీ, సి 64, మొత్తం 96. డేటా రద్దీ పెరగదు, డేటాని కోర్‌తో పని లేకుండా మోసే డీఎంఏకి ఇచ్చే ఆదేశాలు మాత్రం రెట్టింపవుతాయి. ఎ వరస 64 బైట్లకు దిగుతుంది కాబట్టి, నీ బర్స్ట్ (మెమరీ నుంచి ఒక్క విడతలో వచ్చే వరస బైట్లు) అంతకన్నా పొడుగైతే ఎని బయటి మెమరీలోనే టైళ్లుగా పేర్చి ఉంచు. కెని మరీ 16కి దించితే డీఎంఏ సెటప్ అయ్యేలోపే లెక్క అయిపోయి కోర్ ఖాళీగా ఉంటుంది.

కావలి:
పట్టిందన్నా, వేగం కూడా వచ్చింది. కానీ తర్వాతి పొర బఫర్లను అదే చోట సర్దే ఓవర్‌లే ఆన్ చేస్తే, అప్పుడప్పుడూ సి చివరి వరసలు చెడిపోతున్నాయి. డీబగ్ బిల్డ్‌లో బాగానే ఉంది.

నెల్లూరు:
లైవ్‌నెస్, అంటే ఏ బఫర్ ఎప్పటిదాకా వాడకంలో ఉందన్న కంపైలర్ లెక్క, చూడండి. సిని బయటికి పంపే డీఎంఏ మొదలైన చోటే దాని పని అయిపోయిందని కంపైలర్ అనుకుంటున్నట్టుంది. డీఎంఏ ఇంకా చదువుతుండగానే తర్వాతి పొర దాని మీద రాసేస్తోంది. డీబగ్ బిల్డ్ నెమ్మది కాబట్టి అప్పటికి డీఎంఏ ముగిసిపోతుంది. నిర్ధారణకి, సిని బయటికి పంపే ఆదేశం (స్టోర్) వెంటనే, అది ముగిసేదాకా ఆగే వెయిట్ పెట్టి చూడండి. తప్పు పోతే కారణం చాలావరకు ఇదే.

కానీ దాన్నే ఉంచేస్తే, సి బయటికి పోతుండగానే తర్వాతి పని సాగే లాభం పోతుంది. వెయిట్ ఇంట్రిన్సిక్ (కంపైలర్ నేరుగా గుర్తించే ప్రత్యేక ఫంక్షన్)కి సి బఫర్‌నీ ఆపరాండ్‌గా, అంటే అది వాడే విలువగా, ఇవ్వండి, అప్పుడు చివరి వాడకం అదే అవుతుంది. ఆ చోట మళ్లీ రాసే ముందు వెయిట్ రావాలి. ఏది ముగిసిందో తెలిసేలా ప్రతి ట్రాన్స్‌ఫర్‌కీ వేరే ట్యాగ్ (గుర్తు సంఖ్య) వాడండి. వెయిట్ ఇన్‌లైన్ అసెంబ్లీలో ఉంటే దాన్ని తీసేయొద్దని చెప్పే వొలటైల్ ఒక్కటీ చాలదు, మెమరీ మారొచ్చని చెప్పే మెమరీ క్లాబర్ కూడా పెట్టాలి. లేకపోతే ఆప్టిమైజర్ లోడ్‌లనూ స్టోర్‌లనూ దాన్ని దాటించేస్తుంది.

ఒంగోలు:
ఇంకోటి. బిని నిలువుగా చదువుతున్నావా? స్క్రాచ్‌ప్యాడ్‌లో 8 బైట్ల వెడల్పున 16 బ్యాంకులు (ఒకసారికి ఒక్కో చోటే చదవగల భాగాలు) ఉంటే, 128 బైట్ల వరసలో ఒక నిలువంతా ఒకే బ్యాంకులో పడుతుంది. వరసని 136 బైట్లు చెయ్యి. 64 వరసలకి అదనం 512 బైట్లు, రెండు బఫర్లకి 1 కేబీ. ఆ స్ట్రైడ్ (వరస మొదలు నుంచి తర్వాతి వరస మొదలుకి దూరం) డీఎంఏ గమ్యం వైపు కూడా రాయాలి, మర్చిపోవద్దు.